పక్క మడిలోని పాట

రజాకార్ల భయం తీరి, చెన్నూరు పక్కన మా ఊళ్లో ఆడవాళ్లు మళ్లీ గొంతెత్తి పాడుకుంటున్న రోజులవి. మా పొలంలో నాట్లకు కైకిలి వచ్చేవాళ్లలో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. పాట ఎత్తుకునేది ఆమె, వంత పాడేది మేము. పక్క మడిలో నాగలి దున్నే మా మేనబావ, ఆమె పాటలో బావను అడిగే ప్రతి మాటకూ పాటతోనే బదులిచ్చేవాడు. నేను పుట్టినప్పుడే అతనికని అనుకున్న పిల్లను. ఆ బదులు నాకేనని అందరూ నన్ను గిల్లి నవ్వేవారు. నేనూ సిగ్గుపడేదాన్ని.

ఒకనాడు ఆమె జ్వరమొచ్చి రాలేదు. పాట నేనే ఎత్తుకున్నాను. పక్క మడి నుంచి ఎద్దులను అదిలించే కేక తప్ప మరేమీ వినిపించలేదు. నాకప్పుడు అర్థమైంది.

ఆమె కోలుకుని వచ్చాక, గట్టు మీద సద్ది తింటూ చెప్పాను. "నేను బాపుతోని చెప్త. బావ నాకొద్దని."

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? నువ్వొద్దంటే ఇంకో పిల్లను తెస్తరు. నన్ను తెస్తరా? మా వాడోళ్లను మీ గడప తొక్కనిస్తరా?"

ఆమె అన్నది నిజమే. ఆ మాట విన్నాక నా గుండె కొంచెం తేలికపడింది. అలా తేలికపడినందుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెళ్లయింది. అప్పగింతలప్పుడు ఎవరో ఆమెనే పాడమన్నారు. పందిరి బయట నిలబడి పాడింది. గొంతు ఎక్కడా వణకలేదు. అందరూ నన్ను చూసి ఏడ్చారు. నా పక్కనున్న బావ తల ఎత్తలేదు.

తర్వాత అతనికి బొగ్గుబాయిలో పని దొరికింది. కంపెనీ ఇల్లు, నల్లా నీళ్లు, కరెంటు దీపం. నన్ను ఒక్క మాటన్న మనిషి కాదు. పాడడం మాత్రం మానేశాడు.

బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వెళ్లినప్పుడు ఆమె దారిలో ఎదురైంది. తనకూ పెళ్లయి, ఒక కొడుకు. నా బిడ్డ బుగ్గ నిమిరింది.

"మీ ఆయిన పాడుతుండా?"

"పాడుతలేడు."

"అయ్యో, గట్లెందుకు? పాడుమని చెప్పు. పిల్లకు పాటలు రావద్దా?" అని, తల మీది గడ్డిమోపు సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక దాచలేకపోయాను. బావ నల్లా దగ్గర చేతుల బొగ్గుమసి కడుక్కుంటుంటే చెప్పాను.

"గామె అడిగింది, పాడుతుండా అని."

అతని చేతులు ఆగాయి. "నువ్వేమన్నవ్?"

"పాడుతలేడన్న. పిల్లకన్న పాడుమన్నది."

చేతులు తుడుచుకుని బిడ్డను భుజాన వేసుకున్నాడు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ సన్నగా మొదలుపెట్టాడు. పాటలో ఆడపిల్ల అడిగే మాటలూ తనే పాడాడు, బదులూ తనే పాడాడు. అన్నం చల్లారిపోతున్నా నాకు పిలవబుద్ధి కాలేదు. అతను ఆపేదాకా పొయ్యి దగ్గరే కూర్చున్నాను.