మూడు హారన్లు

నిన్న కారు వెనక్కి తీసే ముందు అలవాటుగా మూడుసార్లు హారన్ కొట్టాను. వెనక బంతి వెతుక్కుంటున్న పాప పక్కకు జరిగింది.

చిన్నప్పుడు గోదావరిఖనిలో ఒక సినిమా చూశాం. దొంగల్ని ఎక్కించుకుని పారిపోయే డ్రైవరే హీరో. అతను సందుల్లో రివర్సులో కారు ఉరికిస్తుంటే హాలంతా పడీపడీ నవ్వింది. బొగ్గు గనిలో డంపర్ నడిపే మా బాపు ఒక్కడే నవ్వలేదు.

"ఎట్లుంది బాపూ?" అన్నాను బయటికొచ్చాక.

"ఏం డ్రైవర్ బిడ్డా వాడు! మూడు హారన్లు కొట్టందే మా గనిల బండి ఎనుకకు కదలది. ఎనుక మనిషుంటే ఎట్ల?"

బాపుకు కామెడీ అర్థం కాదని దారంతా సిగ్గుపడ్డాను.

ఆ హీరో ఎవరికీ దొరకలేదు. బాపు మాత్రం ప్రతి షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చాడు. ఆయన బండి వెనక నిలబడ్డవాళ్లూ వాళ్ల ఇళ్లకు చేరారు.