మావయ్య పేరున్న రెక్క

ఆ రోజుల్లో మా వైపు ఏ వస్తువైనా దేనికి పనికొస్తుందో తెలియకపోయినా, ఎవరిచ్చారో మాత్రం చూడగానే తెలిసిపోయేది. చర్చిలో బల్లల మీద పేర్లు, గోడగడియారం మీద పేరు, మంచినీళ్ల డ్రమ్ము మీద పేరు. ఫ్యాన్ల సంగతి చెప్పక్కర్లేదు, రెక్కకో ముక్క చొప్పున దాత వంశమంతా ఉండేది. మా మావయ్య ఇచ్చిన ఫ్యాను పాస్టరుగారి కుర్చీకి సరిగ్గా పైన ఉండేది. తిరిగితే పేరు కనపడదని, ఎండాకాలం ఎంత ఉక్కపోసినా దాన్ని వేయనిచ్చేవాడు కాదు. (ప్రసంగం చివర్లో పాస్టరుగారికి కారే చెమటని సంఘమంతా ఆత్మావేశం అనుకునేది.) ఇలాంటి ఊళ్లో పెరిగినవాడికి ఎక్కడో ఒకచోట తన పేరు కూడా చూసుకోవాలనిపించడం తప్పంటారా? నాకు అనిపించింది. అది కూడా ఫ్యాను మీద కాదు, విమానం మీద.

మొదట అన్యాయం చేసింది కాలేజీ. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో, ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు కింద రిమోట్‌తో ఎగిరే విమానం ఒకటి చేశారు. బొమ్మ విమానమంటే అరచేతిలో పట్టేది అనుకునేరు. దీనికి పెట్రోలు ఇంజను, రెక్కలు ఊడదీస్తే గానీ ల్యాబు తలుపు దాటేది కాదు. ‘పిల్లలు చేశారు’ అన్నది మర్యాదకి. చెక్క కోసింది నేను, ఉప్పుకాగితం పెట్టి వేళ్ల గుర్తులు అరిగేదాకా రుద్దింది నేను, జిగురు అంటుకుని రెండు వేళ్లు కలిసిపోతే అన్నం ఎడమచేత్తో తిన్నది నేను. తీరా చూస్తే దాని మీద పిల్లల పేర్లు, హెచ్‌ఓడీగారి పేరు, ప్రిన్సిపాలుగారి పేరు, చివరికి స్టిక్కరు కొట్టిన షాపు పేరు కూడా ఉన్నాయి. నాది లేదు. వెళ్లి హెచ్‌ఓడీగారిని అడిగాను. ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా, "ఇవాళ నీ పేరు రాస్తే రేపు వాచ్‌మన్ పేరు కూడా రాయాలయ్యా" అన్నారు. (రాయండి. దాన్ని కుక్కలు పీకకుండా కాపలా కాసింది అతనే కదా!) ఆ మాట నేను మర్చిపోలేదు. మొన్న వాళ్లమ్మాయి పెళ్లికి వెళ్లి అక్షింతలు వేస్తున్నప్పుడు కూడా గుర్తుంది.

ఆ విమానం మొదటిసారి ఎగిరిన రోజే హాస్టలు పిట్టగోడని గుద్దుకుని ముక్కలైంది. "పాతసామాన్లవాడికి వేసెయ్" అన్నారు హెచ్‌ఓడీగారు. నేను వేయలేదు. ఆయన్నే అడిగి మూటగట్టుకుని, సత్తెనపల్లి బస్సు మీద వేసుకుని మా ఊరు తెచ్చాను. బాగుచేస్తాను, ఎగరేస్తాను, దాని మీద ఒకే ఒక్క పేరు రాయిస్తాను, అదీ నా పేరు అని శపథం.

నన్ను పెంచింది మా పెద్దమ్మ. ఆమె తమ్ముడే మావయ్య, పక్కిల్లే. మూట విప్పగానే మావయ్య గోడ మీంచి తొంగిచూసి, "ఏరా, ఎండుచేప ఎముకలు ఎక్కడినుంచి తెచ్చావు?" అన్నాడు. నిజానికి అలాగే ఉంది. పాత తొడుగంతా చింపేస్తే రెక్కల్లో పక్కటెముకలు బయటపడ్డాయి, వాటిలో సగం విరిగాయి. ఆ ఎముకలు దూదిలాంటి చెక్కతో చేస్తారు, గోరు గుచ్చితే దిగుతుంది. వాటిని ఒక్కొక్కటే కోసి, అతికించి, రుద్ది నిలబెట్టేసరికి పత్తి తీతలు అయిపోయాయి. రెక్కలకి మళ్లీ తొడుగు వేయాలంటే పట్నంలో దొరికే ప్లాస్టిక్ పొర నాకు అందే సరుకు కాదు. పెద్దమ్మ పెట్టె తెరిచి, ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత పల్చటి మల్లుగుడ్డ తీసింది. "పత్తి పండించే ఊళ్లో ఉండి గుడ్డకి వెతుక్కుంటావేంట్రా? తీసుకో. ఆ, నా పేరు రాయించు, ఏ మూలనో చిన్నగానే."

పెద్దమ్మ కదా, సరేనన్నాను. అక్కడే చెడింది. కార్బొరేటరు పగిలిపోతే మావయ్య తన పాత మందుకొట్టే యంత్రంలోది ఊడదీసి ఇచ్చాడు. ఆయన కొడుకు, మా బావ, తన మేనకోడలి మూడుచక్రాల సైకిలుకున్న చక్రాలు ఇచ్చాడు. (ఆ పిల్ల నన్ను ఇంకా క్షమించలేదు, అది వేరే కథ.) పాస్టరుగారు వస్తువేమీ ఇవ్వలేదు గానీ ప్రార్థన చేస్తానన్నారు. లారీల వెనక బొమ్మలు వేసే పెయింటరు వచ్చి కూర్చునేసరికి ఎడమ రెక్క నిండా మావయ్య, కుడి రెక్క మీద పెద్దమ్మ, ఆ పక్కన బావ. నాకోసం తోక దాచుకున్నాను.

"తోక మీద వాక్యం ఉండాలి బాబూ, ఏ బండికైనా అది రక్షణ" అన్నారు పాస్టరుగారు. బైబిల్లో రెక్కల ప్రస్తావన ఉన్న వాక్యమే ఎంచారు. రెక్కల వాక్యం తోక మీద ఏమిటండీ అని అడిగితే, "రెక్కల మీద ఖాళీ ఏదీ?" అన్నారు.

"నువ్వు కడుపు కింద రాయించుకోరా" అన్నాడు బావ. "పైకి లేచాక కింద నుంచి ఊరందరికీ కనపడేది నీ పేరొక్కటే. మేమంతా ఆకాశానికి కనపడతాం, అంతే."

బావ నోటినుంచి అంత న్యాయమైన మాట అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కానీ పెయింటరు డబ్బా తిరగేసి చూపించాడు, రంగు అయిపోయింది. "ఎగిరొచ్చాక రాస్తాలెండి" అన్నాడు.

శనివారం విమానాన్ని మధ్యలో పట్టుకుని లేపి చూస్తే త్రాసులాగా నిలబడింది. ఆదివారం నేను ఆరాధనలో ఉండగా మావయ్య కొత్త రంగు డబ్బా కొనిచ్చి పెయింటర్ని మళ్లీ పిలిపించి, తన పేరుకి నీడ పెట్టించి, పక్కన మిరపకాయల గుత్తి బొమ్మ దట్టంగా వేయించాడు. వచ్చి లేపితే ఎడమ రెక్క ఒరిగిపోయింది.

"మావయ్యా, బరువు పెరిగింది!"

"నాలుగు మిరపకాయలు వేస్తే మోయలేనిది మనిషిని ఎక్కించుకుంటుందంట్రా?"

"మనిషినెవరు ఎక్కిస్తానన్నారు?"

"మరి విమానమన్నావు!"

ఈయనతో లాభం లేదని, కుడి రెక్క కొసన సరిపడా బరువుకి ఒక బోల్టు పెట్టి టేపు చుట్టాను. మళ్లీ త్రాసులాగా నిలబడింది. ఆ మధ్యాహ్నమే, పత్తికట్టె పీకేసి చదును చేసిన మావయ్య చేలోకి ఊరంతా వచ్చింది. పక్కనే ఆయన మిరపకల్లం, ఎర్రగా ఆరబోసి, ఒక పక్క కుప్ప పోసి ఉంది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. పాస్టరుగారి ప్రార్థన కాలేజీతో మొదలై, నాకు త్వరగా పెళ్లి కావాలనేదాకా సాగింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ మూసుకున్న కళ్ల ముందు, కడుపు కింద నా పేరు. ఇది ఎగిరి దిగితే చాలు, అంతే.

ఇంజను అంటుకుంది. విమానం గంతులేసుకుంటూ పరిగెత్తి, లేచింది! అబద్ధం చెప్పను, నా కళ్లు చెమర్చాయి. పెద్దమ్మ "నా గుడ్డ, నా గుడ్డ" అని అరుస్తూ కొంతదూరం పరిగెత్తింది. కానీ అది తిన్నగా పోదే! ఎడమకి ఒరుగుతోంది. ల్యాబు కంప్యూటర్లో విమానం ఆట ఆడి నేర్చుకున్న విద్యంతా పెట్టి రిమోటు కుడికి తిప్పుతున్నాను, అది ఎడమకే పోతోంది.

"బావా, కుడి రెక్కకి టేపు ఉందా?"

"టేపా? బోల్టుతో సహా పీకేశా. నా పేరు మీద చుట్టావు కదరా, వీడియోలో కనపడొద్దూ?"

ఇంజను ఆపేశాను. విమానం ఎడమకి ఒక అర్ధచంద్రం గీసి, తలొంచుకుని, మావయ్య కల్లంలో కుప్ప మీద దిగింది. దిగడం కాదు, దూరింది. ఎర్రటి పొగ లేచింది. ఆ తర్వాత కాసేపు మా ఊళ్లో మాటల్లేవు, తుమ్ములే. పాస్టరుగారు "దేవా" అని మొదలుపెట్టి తుమ్ముతో ముగించారు.

కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని మావయ్య ముందుకొచ్చాడు. "ఎవడి విమానంరా ఇది? నా కల్లంలో, నా కాయల్లో! ఎవడిదిరా అంట?"

కుప్పలోంచి ఎడమ రెక్క ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది. దాని మీద మావయ్య పేరు, నీడతో సహా, పక్కన మిరపకాయల గుత్తి.

"చదువుకోరా తమ్ముడూ, పెద్దక్షరాలతోనే ఉంది కదా" అంది పెద్దమ్మ.

ఊరంతా ఒక్కసారి నవ్వింది. మావయ్య తడుముకోలేదు. "రెక్కే నాదక్కా. విమానం వాడిది." బావ వెంటనే, "అవును, వాడిదే" అన్నాడు. "కష్టమంతా ఈ అబ్బాయిదేనండీ, మేం నిమిత్తమాత్రులం" అన్నారు పాస్టరుగారు. తాలు ఏరే ఆడవాళ్లు కూడా నావైపే వేలు చూపించారు. నా జీవితంలో నా పేరు అంతమంది నోట, అంత ఏకగ్రీవంగా వినపడింది అదొక్కసారే. అప్పట్నుంచి ఇప్పటిదాకా మా ఊళ్లో దాన్ని చిన్నోడి విమానమనే అంటారు. (చిన్నోడంటే నేనే. జుట్టు నెరుస్తున్నా ఇంకా అంతే.)

మావయ్య పాడైన కాయల గురించి ఒక్క మాట అనలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. సాయంత్రం నా పక్కనే గొంతుక్కూర్చుని చెక్కముక్కలు, కాయలు వేరుచేస్తూ, "లేచినప్పుడు బాగుందిరా" అన్నాడు. అంతే.

ఇప్పుడు నాకు సత్తెనపల్లిలో చిన్న షాపుంది. మిరపతోటలకి మందుకొట్టే డ్రోన్లు బాగుచేస్తాను. రోజూ నెత్తి మీద అవి ఎగురుతున్నా ఎవరూ తలెత్తి చూడరు. ఆ ఎడమ రెక్క షాపు గోడకి వేలాడుతుంటుంది. మావయ్య పొద్దున్నే వచ్చి, సరిగ్గా తన పేరు కిందే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లకల్లా ‘మేం ఎగరేసిన విమానం’ కథ చెబుతాడు. ఆ కథలో విమానం ఏడాదికేడాది ఇంకాస్త పైకి వెళుతోంది. కల్లం ఊసు ఎప్పుడో పోయింది. కొత్తవాళ్లు "అయితే ఈ షాపు మీదేనాండీ?" అని ఆయన్నే అడుగుతారు. ఆయన కాదనడు.

మొన్నొకరోజు ఆ ముసలి పెయింటర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మిరపకాయల బొమ్మ పెచ్చులూడి రెక్క మీద జానెడు ఖాళీ ఏర్పడింది. "ఒరేయ్, ఇన్నేళ్లుగా గొణుగుతూనే ఉన్నావు. ఇదిగో, రాయించుకో. నీడ కూడా పెట్టిస్తా" అన్నాడు. పెయింటరు కుంచె ముంచి నావైపు చూశాడు. నేను ఆ ఖాళీవైపు చూశాను, దాని కింద కుర్చీలో కూర్చున్న పెద్దాయనవైపు చూశాను. నా పేరు కూడా ఎక్కేస్తే, రేపు పొద్దున్నుంచి ఈయనతో దేనికని పోట్లాడను?

"ఆ ఖాళీలో మిరపకాయలే వేయి" అన్నాను పెయింటరుతో. "ఈసారి పల్చగా."