మా అమ్మ అడ్డచుట్ట, మా అమ్మాయి ఆయాసం

మా అమ్మాయికి ఆరేళ్లు. అన్నం తింటున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా నా చెవి ఒకటి దాని మీదే ఉంటుంది, పిల్లికూతలు మొదలయ్యాయేమోనని. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే దాని వీపుకి చెవి ఆనించి చూడాలనిపిస్తుంది. "అలాగ తిరగకండి, దానికి లేని ఆయాసం వచ్చెస్తాది" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే ఊరు. మా అమ్మ అడ్డచుట్ట తాగుతుంది. మా వైపు ఆ వయసు ఆడవాళ్లు చాలామంది అంతే, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసి, అంట్లు తోముకుంటూ తాగేస్తారు. పిల్ల దగ్గర వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఒకటే జవాబు.

"నిప్పు నా నోట్లోనే ఉన్నాది. పొగ నా కడుపులోకే పోతాది. దానికేటి తగుల్తాది?"

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు ఒకసారి ఓపిగ్గా చెప్పాడు. ఒంట్లో క్రిముల మీద పడడానికి కాపలా కణాలు ఉంటాయట. మా అమ్మాయి లాంటివాళ్లలో అవి మామూలు దుమ్మునే శత్రువనుకుని తిరగబడతాయట. ఆ గొడవకి ఊపిరిగొట్టాలు వాచిపోయి, చుట్టూ కండరాలు బిగిసి, లోపల కఫం చేరి దారి ఇరుకవుతుంది. పొగ ఆ వాపుని ఇంకా రెచ్చగొడుతుంది. "ఆయాసం లేని రోజున కూడా లోపల వాపు ఉంటుందండి. రోజూ పీల్చే మందు దాన్ని అణచడానికే. బాగుంది కదా అని ఆపొద్దు" అన్నాడు. అంత చెబితే, నేను పొగ ముక్క ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చాను.

వస్తూనే అమ్మ చుట్టల కట్ట తీసి పెంటకుప్పలో పారేశాను. "ఒరే, నా మనవరాలి ఊపిరి నేను తీస్తానేటిరా?" అంది. చుట్ట మానలేదు గానీ, పొలం గట్టుకి పోయి తాగి, నోరు పుక్కిలించి, చీర మార్చుకుని వచ్చేది. అయినా పిల్లని దగ్గరికి తీసుకునేది కాదు. అది చేతులు చాస్తే, "నా కాడ కంపున్నాదమ్మా, మీ నాన్న తిడతాడు" అని జరిగిపోయేది. నేను చూస్తూ ఊరుకున్నాను. గెలిచాననుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

రెండు నెలలు పిల్ల శుభ్రంగా ఉంది. పొద్దునా సాయంత్రం ఇన్‌హేలరు పంపు కొట్టి మందు పీల్పించేది నేనే. ఇంకెందుకిది, అలవాటైపోతే జీవితాంతం వదలదేమో అని భయం పుట్టింది. ఆపేశాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

నూర్పుల వారంలో ఒక మధ్యాహ్నం పిల్ల పక్కవాళ్ల కళ్లంలో ఆడుకుని వచ్చి గుమ్మంలో కూలబడింది. డొక్కలెగరేస్తోంది, మాట రావడం లేదు. ఆయాసానికి కొట్టే రెండో పంపు కొట్టినా తగ్గలేదు. ఆటో పిలిచి ఎక్కుతూ నేను అమ్మ మీద అరిచాను. "నీ చుట్టే దీన్ని చంపేస్తాది." అమ్మ, వెనక మా పక్కన చోటున్నా, వెళ్లి డ్రైవరు పక్కన ఒదిగి కూర్చుంది.

ఆసుపత్రిలో పిల్ల ముక్కుకి మాస్కు పెట్టి ఆవిరి మందు మొదలుపెట్టారు. "రోజువారీ మందు ఇస్తున్నారు కదా?" అని డాక్టరమ్మ అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. అబద్ధం నోటి దాకా వచ్చింది.

"ఆపేశానండి. నేనే" అన్నాను.

గంటన్నరకి పిల్ల ఊపిరి దారిలో పడింది. బయట బెంచీ మీద ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లి, తడబడుతూ అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. అమ్మ చీర చెంగుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"మరైతే దాన్ని ఓపాలి ముట్టుకోవచ్చేటిరా?" అనడిగింది.