కానుకల మీద లోను

అమ్మగారికి నోరు ఎక్కువని సంఘమంతా చెప్పుకునేది. ఉండదా మరి? మందిరం వెనక రెండు గదుల్లో పాస్టరుగారి భార్యగా కాపురం పెట్టిన రోజు నుంచి ఆ ఇల్లు ఆమెది కాదు. సంఘ పెద్దలు తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చేవారు. ఆమె తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటుంటే కుర్చీల కోసం ఒకరు, మైకు వైరు కోసం ఇంకొకరు. "మన మందిరమే కదమ్మా" అనేవారు. ఆ "మన" అన్న మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది.

ఆ మంట ఒక ఎత్తు, భయం ఒక ఎత్తు. వీళ్ళకు ముందున్న పాస్టరుగారు చనిపోతే, వారం తిరక్కుండానే ఆయన భార్యను గదులు ఖాళీ చేయమన్నారు. ఆ ముసలావిడ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఆటో కోసం చూస్తుంటే, అప్పుడే కొత్తగా వచ్చిన మన అమ్మగారు కాఫీ పట్టుకెళ్ళింది. ఆవిడ ముట్టుకోలేదు. "నువ్వైనా నీదంటూ నాలుగు గోడలు సంపాదించుకో తల్లీ" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఏమైందో సంఘంలో ఎవరూ అడగలేదు.

అందుకే పక్క వీధిలో రిటైరైన నర్సు తన ఇల్లు అమ్ముతానని ముందుగా వీళ్ళకే కబురు పెడితే, అమ్మగారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. నర్సు భర్త మంచాన పడ్డప్పుడు పాస్టరు అయ్యగారు రోజూ వెళ్ళి పక్కన కూర్చునేవారు. ఆ కృతజ్ఞత ఆమెకుంది. చిన్న ఇల్లే. అమ్మగారు కుట్టుమిషను తొక్కి కూడబెట్టింది అడ్వాన్సుకు సరిపోతుంది. మిగతాదానికి బ్యాంకు లోను కావాలి.

బ్యాంకులో లోన్లు చూసే అమ్మాయి మర్యాదగానే మొదలుపెట్టింది.

"ఏం చేస్తుంటారు సార్?"

"సేవ" అన్నారు అయ్యగారు.

"అంటే... సోషల్ సర్వీసా?"

"దేవుని సేవ తల్లీ. పాస్టర్ని."

"ఓహో. జీతం ఎంత సార్?"

అయ్యగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఈ ప్రశ్న ఆయనను ఎక్కడ తాకిందో అమ్మగారికి తెలుసు. కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడు, జీతగాడు తోడేలును చూడగానే పారిపోతాడు, ఇది ఆయనకు ఇష్టమైన ప్రసంగం. ఏళ్ళ తరబడి చెప్పారు. చివర్లో గుండె మీద చెయ్యి వేసుకుని "నేను జీతగాణ్ణి కాను!" అనేవారు. సంఘమంతా హల్లెలూయ అనేది.

"జీతం కాదమ్మా, కానుక" అన్నారాయన గర్వంగా.

అమ్మగారు బల్ల కింద ఆయన తొడ మీద గిల్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"పుట్టినరోజుకు ఇస్తారే, ఆ కానుకలా సార్?" అంది ఆ అమ్మాయి. పాపం, ఆటపట్టించాలని కాదు, నిజంగానే అడిగింది. చివరికి నెలకింత జీతం ఇస్తున్నామని సంఘం ఒక ఉత్తరం రాసిస్తే చాలంది.

ఉత్తరం రాయాల్సింది ఆమేన్ పెద్ద. ఎవరి ప్రార్థనైనా పూర్తికాకముందే ఆమేన్ అనేస్తాడు కాబట్టి ఆయనకా పేరు. పెద్ద హార్డ్‌వేర్ షాపు, అంతకంటే పెద్ద గొంతు. ఆయన రాసిచ్చింది చూసి బ్యాంకు అమ్మాయి నుదురు రుద్దుకుంది. మా ప్రియ కాపరికి ప్రభువు ప్రేరేపించిన కొద్దీ సంఘము ప్రేమతో కానుకలు ఇచ్చుచున్నది అని ఉంది.

"ఒక నెల ప్రభువు ప్రేరేపించకపోతే వాయిదా ఎవరు కడతారమ్మా?" అంది.

ఆ అమ్మాయి చెడ్డది కాదు. పోనీ నోటిమాటగానైనా ఒప్పుకుంటే మళ్ళీ ఉత్తరం అడగొచ్చని, వాళ్ళ ఎదుటే ఆమేన్ పెద్దకు స్పీకరులో ఫోన్ చేసింది. "సార్, పాస్టరుగారు మీ దగ్గర జీతానికే కదా పనిచేసేది?"

"ఎంత మాటన్నావమ్మా!" ఆయన గొంతుకు పక్క బల్లల వాళ్ళు కూడా తలలు తిప్పారు. "మా అయ్యగారు జీతగాడు కాడు! అలాంటి కాపరి నీకు ఎక్కడా దొరకడు!"

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. "చాలా గొప్పగా చెప్పారండీ. కానీ దీని మీద నేను లోను ఇవ్వలేను."

పొగిడి గొంతు కోయడమంటే ఇదే. దారి పొడవునా అమ్మగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడలేదంటే కొంప మునిగిందని అయ్యగారికి తెలుసు.

ఆ వారం పెద్దల మీటింగు వాళ్ళ ముందుగదిలోనే జరిగింది. ఇంకెక్కడ జరుగుతుంది, "మన" మందిరం కదా! అమ్మగారు టీ గ్లాసుల ట్రే ఠపీమని బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది.

"జీతం అని ఒక్క మాట రాస్తే మీ సొమ్మేం పోతుంది పెద్దగారూ?"

"దేవుని పనికి వెల కడతామా అమ్మా? తప్పు కదూ?"

"మీ షాపు మేకులు దేవుడి గోడకు కొట్టినా వెల కట్టారుగా! ఆ బిల్లు నేనే చూశాను."

ఆమేన్ పెద్ద ముఖం మాడిపోయింది. ఆయన్ను కాపాడబోయి, సంఘం లెక్కలు చూసే అతను నోరు జారాడు. "అది కాదమ్మగారూ. జీతం అని ఒకసారి రాసిస్తే, రేపు పెన్షన్ అంటారు, నష్టపరిహారం అంటారు. కోర్టుకెళ్తే మన మెడకు చుట్టుకుంటుంది. ఇది మొదట్నుంచీ అనుకున్నదే కదా పెద్దగారూ?"

పెద్దగారు టీ గ్లాసులోకి చూశాడు. ఈసారి ఆమేన్ అనలేదు.

"అదీ సంగతి!" అంది అమ్మగారు. భర్త వైపు తిరిగింది. "విన్నారా? మీరు గౌరవం అనుకున్నారు. వీళ్ళు లాభం అనుకున్నారు."

పెద్దలు వెళ్ళిపోయాక కూడా ఆమె ఆగలేదు. "కాపరట, కాపరి! ఆ గొర్రెలకు తలో దొడ్డి ఉంది. మనకే లేదు. రేపు మీరు పోతే నేను ఏ పెట్టె మీద కూర్చోవాలి?"

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళారు. సాయంత్రం వచ్చి, ఊరి చివర గోడౌన్‌లో సరుకు లెక్కలు రాసే ఉద్యోగం కుదిరిందన్నారు. వారమంతా అక్కడ, ఆదివారం మందిరం.

పెద్దలకు అదీ గిట్టలేదు. "రెండు పడవల మీద కాళ్ళు పెడితే కుదరదు అయ్యగారూ. దేవుని పనా, గోడౌన్ పనా తేల్చుకోండి" అన్నాడు ఆమేన్ పెద్ద.

"అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు!" అని అమ్మగారు అతని ముఖం మీదే అనేసింది. అయ్యగారు మాత్రం తలూపారు. ఆ ఆదివారం ప్రసంగం చివర, "వచ్చే నెల నుంచి నేను జీతానికి పనిచేస్తున్నాను. మీరు వేరే కాపరిని చూసుకోండి" అన్నారు. కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు. పెద్దలు కానుక పెంచుతామన్నారు గానీ, ఉత్తరం రాస్తామని ఒక్కరూ అనలేదు.

నర్సు మంచిది. మందిరం గదులు ఖాళీ చేశాక, లోను వచ్చేదాకా తన మేడ మీది గదిలో ఉండమంది. బ్యాంకుకు మూడు నెలల జీతం స్లిప్పులు కావాల్సి వచ్చాయి. ఆ జీతం కానుకలకంటే తక్కువే! అయినా బ్యాంకు అమ్మాయి మారు ప్రశ్న వేయకుండా సంతకాలు పెట్టించుకుంది. ఆ రోజు అమ్మగారు నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేసింది.

ఇల్లు చేతికొచ్చింది. సామాను సర్దుకున్నాక మొదటి ఆదివారం, అయ్యగారు అలవాటు ప్రకారం చీకటితోనే లేచి స్నానం చేశారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మంచం అంచున కూర్చున్నారు. పక్క వీధి మైకులో కొత్త పాస్టరు గొంతు వినిపిస్తోంది. కుర్రాడు, పాటలో శ్రుతి తప్పుతున్నాడు. అయ్యగారి పెదాలు ఆ పాటతో పాటే కదులుతున్నాయి, చప్పుడు లేకుండా.

అమ్మగారు వంటింట్లోంచి చూసింది. నేను ఇల్లు అడిగాను, ఇది అడగలేదు కదా అనుకుంది.

"ఏమండీ, టైమవుతోంది. దూరంగా ఇంకేదైనా మందిరానికి వెళ్దామా?"

"ఎందుకూ?" అన్నారాయన, గొంతులో కోపమేమీ లేకుండా. "ఇవాళ ఆదివారం కదా. నాకు సెలవు."

ఇంతమందిని తిట్టిన మనిషికి ఆ మాటకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. స్టవ్ కట్టేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.