తోక బాబాయి వెనక

మా జట్టులో వంట నాది. ముందు నడిచి దారి చూపేది లీడరు. మెళ్లో ఈల వేసుకుని అందరికంటే వెనక నడిచేది తోక బాబాయి. కొండ గట్ల మీద నాలుగైదు రోజులు నడుద్దామని పట్నం నుంచి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు వెనకబడతారు. వాళ్లని వదిలెయ్యకుండా తీసుకురావడమే ఆయన పని. "తొందరేం లేదు, నేను మీ వెనకే ఉన్నాగా" అనేవాడు. ఆ మాటకి కూలబడ్డవాళ్లు కూడా లేచేవారు.

రెండేళ్లుగా బాబాయికి ఆయాసం. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఊపిరి అందదు. ఆ సంగతి నాకూ పిన్నికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే లీడరు కొండ ఎక్కనివ్వడు. లీడరంటే ఎవరో కాదు, స్వయానా బాబాయి మేనల్లుడే. వాడికి చెయ్యిపట్టి కొండ ఎక్కడం నేర్పింది కూడా ఈయనే. కింద ఈయనకి వేరే పనీ లేదు, వేరే లోకమూ లేదు. రెండు రోజులు ఇంట్లో ఉంటే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు.

అయినా నెట్టుకొచ్చాడు. చివర నడవాల్సినవాడు నెమ్మదిగా నడిస్తే ఎవరు తప్పుపడతారు? కొత్తవాళ్లు బస్సు దిగగానే ముందు వాళ్ల పొట్టలు చూసేవాడు. బొద్దుగా ఎవరైనా కనిపిస్తే మొహం చేటంత చేసుకుని, "ఈసారికి గండం గడిచిందిరా" అనేవాడు నా చెవిలో.

ఈసారి గడవలేదు. వచ్చినవాళ్లంతా సన్నగా, చురుగ్గా ఉన్నారు. ఉన్నంతలో నిదానం ఒక రిటైరైన టీచరమ్మ. బాబాయి ఆవిడనే నమ్ముకున్నాడు. మొదటి రెండు రోజులు బూటు లేసులు కట్టుకుంటూ, దారిలో చాక్లెట్ కాగితాలు ఏరుకుంటూ ఊపిరి తీసుకున్నాడు. మూడో రోజు, రెండు పక్కలా లోయలున్న సన్నటి గట్టు మీద, ఏరడానికి కాగితం కూడా దొరకలేదు. ముందున్న మేం వెనక్కి తిరిగి చూస్తే టీచరమ్మ బండ మీద కూర్చుని ఉంది. లీడరు కంగారుగా వెనక్కి పరిగెత్తాడు. నేనూ వెళ్లాను.

"ఏమ్మా, నడవలేకపోతున్నారా?" అన్నాడు లీడరు.

"నాకేం, బాగానే ఉన్నాను బాబూ. పాపం, ఆయనే రాలేకపోతున్నారు. తోడుగా ఉందామని ఆగాను."

నాకు ఒళ్లు మండింది. కానీ జాలిపడ్డ మనిషిని ఏమని తిట్టను?

ఇంతలో బాబాయి రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు. లీడరు కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. బాబాయి మెళ్లోంచి ఈల తీసి తన మెళ్లో వేసుకుని, నన్ను తన బదులు ముందు నడవమన్నాడు.

"నువ్వూ నడువు మామయ్యా. తొందరేం లేదు, నేను నీ వెనకే ఉన్నాగా."

అంతవరకూ నిలబడే ఉన్న బాబాయి, ఆ మాట విని బండ మీద కూలబడిపోయాడు.