మూడో నీళ్ళు

ధర్మవరంలో ఒక పట్టుచీరల కంపెనీకి నాలుగంటే నాలుగే మగ్గాలున్న రోజుల్లో, యాభై నాలుగులోనో అయిదులోనో, ఓబుళప్ప రంగు పనికి చేరాడు. పట్టునూలుకు రంగు వేయడం అతని పని. ఆ నూలుతో చీర నేయడం కుళ్ళాయప్ప పని. ఇద్దరికీ ఒకటే నీళ్ళ కడవ, ఒకటే బీడీ కట్ట. ఒకరి సద్దిమూటలో ఒకరు అడక్కుండానే చెయ్యి పెట్టేవాళ్ళు.

అప్పట్లో అక్కడొక వాడుక ఉండేది. ఎర్రరంగు వేసిన నూలును మూడు కొత్త నీళ్ళల్లో జాడించాలి. మూడో నీళ్ళు తేటగా ఉన్నాయా లేవా అని చూడవలసింది రంగు వేసినవాడు కాదు, ఆ నూలు నేయబోయేవాడు. కుళ్ళాయప్ప వచ్చి, దోసిట్లో పట్టి చూసి, సరే అంటేనే నూలు ఎండకు పోయేది.

కంపెనీ పెరిగింది. అరవై వచ్చేసరికి ముప్పై మగ్గాలయ్యాయి. మగ్గాల షెడ్డు ఒక పక్క, రంగు గది ఒక పక్క, మధ్యలో కొత్త గోడ. ఆ గోడతోపాటు మనుషులూ చీలిపోయారు. కడవలు వేరయ్యాయి, ఆయుధపూజ కూడా రెండుచోట్ల. మగ్గాలవాళ్ళకు నోరెక్కువని వీళ్ళు, రంగువాళ్ళకు కళ్ళు నెత్తికెక్కాయని వాళ్ళు. నిజం చెప్పుకుంటే, కళ్ళు నెత్తికెక్కినవాళ్ళలో మొదటివాడు మన ఓబుళప్పే. అప్పటికి గదికి పెద్ద అతనే మరి! నా పనిని ఇంకొకడొచ్చి చూసేదేమిటని కంపెనీ షావుకారుతో చెప్పి, నేతగాళ్ళు రంగు గది గడప తొక్కకుండా చేయించాడు. ఆ రోజు గదిలో అందరూ బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తెప్పించుకుని పండగ చేసుకున్నారు.

మరుసటి ఎండాకాలం బావి అడుగంటింది. పెళ్ళిచీరలు ఆలస్యమవుతున్నాయని షావుకారు ఒకటే తొందర. ఓబుళప్ప ఎర్రనూలును రెండు నీళ్ళతో సరిపెట్టి ఎండకు వేయించాడు. ఏమవుతుందిలే అనుకున్నాడు. ఇదివరకైతే కుళ్ళాయప్ప వచ్చి చూసేవాడు, ఇంకోసారి జాడించు అనేవాడు. ఇప్పుడు చూసే దిక్కు లేదు.

ఆ నూలంతా కుళ్ళాయప్ప మగ్గానికే పోయింది. ఎండలకు పోగులు తెగకుండా నేతగాళ్ళు నూలు మీద కాస్త తడి చల్లుకుంటారు, అది ఎప్పుడూ ఉన్నదే. ఆ తడికి అంచులోని ఎరుపు దిగి, గంధం రంగు చీర ఒంట్లోకి పాకింది. ఒకటి కాదు, అయిదు చీరలు.

షావుకారు అందరినీ నిలబెట్టి అడిగాడు. తప్పు రంగుదని షెడ్డువాళ్ళు, తడి మితిమీరిందని రంగువాళ్ళు గొంతులు చించుకున్నారు. కాసేపు విని, షావుకారు ఓబుళప్ప వైపు తిరిగాడు.

"ఎన్ని నీళ్ళు జాడించినావు?"

ఓబుళప్ప వెనక అతని గదివాళ్ళు ఆరుగురు. ఎదురుగా కుళ్ళాయప్ప. తనవాళ్ళ ముందు తల దించడానికి అతనికి మనసు రాలేదు.

"మూడు."

కుళ్ళాయప్ప పల్లెత్తు మాట అనలేదు. రేపటినుంచి రావద్దని షావుకారు అతనితో చెప్పేశాడు. గది పరువు నిలబెట్టినావని వెనకనుంచి ఎవరో ఓబుళప్ప భుజం తట్టారు. ఆ చెయ్యి తగిలినచోట వాత పెట్టినట్టు మండింది.

ఆ తర్వాత అతనికి ఇంట్లో అన్నం సహించేది కాదు. కుళ్ళాయప్ప ఉండే వీధి వైపు వెళ్ళడం మానేశాడు. ఒళ్ళు బాగాలేదా అని భార్య లక్ష్మక్క అడిగితే కసురుకునేవాడు. కట్టుకున్నదానికి కూడా చెప్పుకోలేని సిగ్గు అది. కొన్నాళ్ళకు కుళ్ళాయప్ప సంసారంతో చెన్నేకొత్తపల్లికి, అత్తగారి ఊరికి, వెళ్ళిపోయాడని తెలిసింది. అయ్యో అనుకోవడం పోయి, ఇక ఎదురుపడే పని లేదని ఓబుళప్పకు ప్రాణం తేలికపడింది. అంత నీచంగా తయారయ్యానా అని ఆ రాత్రి తనను తానే తిట్టుకున్నాడు.

అరవై నాలుగులో షావుకారు అతన్ని కంపెనీ మొత్తానికి పెద్ద మేస్త్రీని చేశాడు. దండ వేస్తుంటే షెడ్డువాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఓబుళప్ప తల కొట్టేసినట్టయింది. తెల్లారగానే చెన్నేకొత్తపల్లికి బస్సెక్కాడు.

కుళ్ళాయప్ప ఎవరిదో శనక్కాయల చేలో కూలికి కలుపు తీస్తున్నాడు. ఓబుళప్ప గట్టు మీదినుంచే, ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పేశాడు.

"రెండే నీళ్ళు జాడించింటినప్పా. నిన్ను చెడగొట్టింది నేనే. ఇప్పుడు అంతా నా చేతిలోనే ఉండాది. వచ్చి మగ్గంలో కూచో."

కుళ్ళాయప్ప చేతులు దులుపుకుని చూపించాడు. వేళ్ళు బండబారి, పగిలి ఉన్నాయి. పట్టుపోగు తగిలితే చాలు, పీచు లేస్తుంది. ఇక ఆ పని కాదన్నాడు. రెండే నీళ్ళన్న సంగతి తనకు ఆ పొద్దే తెలుసనీ, బాగా జాడించిన ఎరుపు కడివెడు నీళ్ళు పోసినా దిగదనీ నెమ్మదిగా చెప్పాడు.

మరి షావుకారు ముందర ఎందుకు చెప్పలేదని ఓబుళప్ప అడిగాడు.

"నేను చెప్తే షెడ్డోళ్ళ మాట అంటారు. నువ్వే చెప్తావులే అనుకొంటి," అన్నాడు కుళ్ళాయప్ప. "అందరూ పోయినంక వస్తావని, పొద్దు గుంకేదాకా మగ్గం కాడనే కూచోనుంటినప్పా."