మస్తానమ్మత్త మానేసిన సాంబ్రాణి

పక్క వాటాలో ఎవరో పసిబిడ్డకు తలంటి సాంబ్రాణి వేసినట్టున్నారు. ఆ వాసన వంటింటి కిటికీలోంచి రాగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. అందరికీ ఆ వాసనతో దేవుడు గుర్తొస్తాడేమో గానీ, నాకు మాత్రం బోగోలులో మా ఎదురింటి మస్తానమ్మత్త గుర్తొస్తుంది.

మా ఆయనకు జువ్వలదిన్నె ఐసు ఫ్యాక్టరీలో పని దొరికినప్పుడు ఆ వీధికి చేరాం. మా అమ్మ లేదు. నెలల పాపతో బిక్కుబిక్కుమంటున్న నన్ను చూసి, పిలవకుండానే చీర ఎగ్గట్టుకుని వచ్చింది మస్తానమ్మత్త. ఆ వీధిలో పసిపిల్లలందరికీ ఆమే నీళ్ళు పోసేది. చాచిన కాళ్ళ మీద పాపను పడుకోబెట్టి, నూనె పట్టించి, వేణ్ణీళ్ళు పోసి, చివర నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, జుట్టు ఆరేదాకా ఆ పొగలో ఉంచేది. పొగ ఎంత దట్టంగా లేస్తే ఆమెకు అంత తృప్తి. బిడ్డ తుమ్మితే తప్పు నాది, నవ్వితే గొప్ప తనది!

పాపకు ఏడాది నిండాక దగ్గు పట్టుకుంది. వదల్లేదు. దగ్గి దగ్గి పాలు కక్కేది, డొక్కలు ఎగిసిపడేవి. నా ప్రాణం అల్లాడిపోయేది. మస్తానమ్మత్త సాయంత్రం నమాజు వేళకు పాపను చంకనెత్తుకుని మసీదు గుమ్మం దగ్గర నిలబడి, బయటికొచ్చే పెద్దలందరి చేతా ప్రార్థన చదివించి పాప మొహాన ఊదించుకొచ్చేది. అయినా తగ్గకపోయేసరికి సాంబ్రాణి రోజూ వేయడం మొదలుపెట్టింది.

నెల్లూరులో పిల్లల డాక్టరుగారు మందు రాసి, ఇంట్లో పొగేమైనా ఉందా అని అడిగారు. చెప్పాను. ముందు అది ఆపమన్నారు. బస్సులో దారి పొడుగునా ఒకటే దిగులు. ఆపకపోతే బిడ్డకు ఊపిరాడదు. ఆపమంటే, తల్లిలా చూసుకున్న మనిషి మనసు విరిగి మా ఇంటికే రాదేమో.

గుమ్మంలోనే ఎదురొచ్చింది. "డాక్టరు ఏమన్నాడు?"

"మందు రాసిచ్చినాడత్తా."

"అది గాదు. ఇంకా ఏందో అన్నాడు. నీ మొహం చూస్తే తెలస్తా ఉండాది. చెప్పు."

చెప్పాను. ఆమె పాప వీపు నిమిరి వెళ్ళిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మామూలుగానే వచ్చింది. నీళ్ళు పోసి, పాత నూలుచీరతో తల తుడిచి, ఎండలో కూర్చుని వేళ్ళతో జుట్టు ఆరబెట్టింది. నిప్పుల మాటే ఎత్తలేదు. మందుకో, పొగ ఆగినందుకో, దగ్గు మెల్లమెల్లగా తగ్గింది.

తగ్గాక ఆమె చేసిన పని మాత్రం నేను ఊహించలేదు. నన్ను వెంటబెట్టుకుని, తాను నీళ్ళు పోసే ప్రతి ఇంటికీ వెళ్ళింది. "ఈ బిడ్డకి దగ్గు నా పొగతోనే ముదిరింది. మీరు పెట్టబాకండి. నేనడిగినా నిప్పులియ్యబాకండి" అంది.

ఒకావిడ నవ్వేసి, "మేమంతా నీ పొగలో పెరిగినోళ్ళమే గదత్తా!" అంది.

"పెరిగినారు. ఎంతమంది దగ్గినారో నేను చూసుకోలేదే తల్లీ" అంది మస్తానమ్మత్త.

ఆమె పోయి చాలా కాలమైంది. పట్టుబడ్డాక తప్పు ఒప్పుకునేవాళ్ళను చాలామందినే చూశాను. అది తప్పని కూడా తెలియనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మరీ చెప్పుకున్న మనిషిని ఆమె ఒక్కదాన్నే చూశాను. ఇప్పుడు హైస్కూలుకు వెళ్ళే మా అమ్మాయిని ఊరికే కసురుకున్నప్పుడల్లా, తను మరిచిపోయినా సరే, దగ్గరికి వెళ్ళి "పొరపాటు నాదేనమ్మా" అంటాను. మొదట్లో నోరు పెగిలేది కాదు. ఇప్పుడు పెగులుతోంది.